ఛార్జింగ్ అయిపోతే ఎట్లొస్తవ్?

"నీళ్లల్ల నడిచే స్కూటరా ఇది?" నా ఫోన్‌లో వీడియో చూసి బాపు అడిగిన మొదటి మాట. రెండోది, "మధ్యల ఛార్జింగ్ అయిపోతే ఎట్లొస్తవ్ బిడ్డా?"

మాది గోదావరిఖని. బాపు సింగరేణిలో అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. 2003 జూన్ 16న ఇక్కడి సెవెన్ ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. ఆ రోజు గురించి బాపు ఇప్పటికీ ఎక్కువ మాట్లాడడు. అందుకే వైజాగ్ రుషికొండలో స్కూబా నేర్చుకున్న సంగతి, సర్టిఫికెట్ చేతికొచ్చాకే ఇంట్లో చెప్పాను.

స్కూటర్ అంటే చేతులతో పట్టుకునే చిన్న మోటారు. ట్రిగ్గర్ నొక్కితే ఫ్యాన్ తిరిగి మనల్ని ముందుకు లాగుతుంది. కాళ్లాడించే శ్రమ తగ్గి సిలిండర్లో గాలి మిగులుతుంది. నేనైతే ముందు స్పీడే చూశాను, బైక్ కొన్నట్టు.

ఆ పిచ్చి ఒక్క డైవ్‌తో దిగింది. అద్దెకు తీసుకున్న స్కూటర్‌తో రుషికొండలో దిగాను. ఆ రోజు నీళ్లు మసక, నాలుగు మీటర్ల అవతల ఏమీ కనపడట్లేదు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నా. తిరిగి చూస్తే నా జోడీ లేడు! కంగారులో స్కూటర్ ముక్కు పైకి తిరిగింది, చేతికున్న డైవ్ కంప్యూటర్ కీచుమంది. నిమిషానికి 9 మీటర్లకు మించి పైకి లేవొద్దని క్లాసులో చెప్పిందే. ఊపిరి బిగబట్టి అలా లేస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఏమీ కాలేదు గానీ, పడవలో చాలాసేపు నోట మాట రాలేదు.

ఇంటికొచ్చి చెబితే బాపు తిట్టలేదు. "గనికి రెండు దార్లుంటయి. ఒకటి మూసుకపోతే ఇంకోటి. నీకు రెండో దారేది?" అన్నాడు.

నా రెండో దారి నా కాళ్లే. స్కూటర్ ఆగిపోతే మిగిలిన గాలితో ఈదుకుంటూ తిరిగి రాగలనా? రాలేనంత దూరం పోవద్దు. వెళ్లేటప్పుడు ప్రవాహానికి ఎదురెళ్తే, వచ్చేటప్పుడు అదే తోసుకొస్తుంది. ఇది అర్థమయ్యాక లిస్టు మొత్తం మారిపోయింది. స్పీడ్ కిందికి పోయింది. ట్రిగ్గర్ వదలగానే ఆగాలి, ఫ్యాన్‌కి జాలీ ఉండాలి. లోతు చూడాలి. చవకవి కొన్ని 5, 10 మీటర్లకే, అవి స్విమ్మింగ్ పూల్ బొమ్మలు. నా సర్టిఫికెట్ 18 మీటర్ల దాకా, అందుకే 30 మీటర్లు తట్టుకునేది వెతికాను.

ఇంకోటి, విమానం. నెక్స్ట్ ప్లాన్ అండమాన్. బ్యాటరీ మీద వోల్టులు, ఆంపియర్ అవర్లు గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. వంద లోపైతే క్యాబిన్ బ్యాగులో పోతుంది, 160 దాకా ఎయిర్‌లైన్ పర్మిషన్ కావాలి, అది దాటితే ఎక్కనివ్వరు. 22.2 వోల్టులు, 5 ఆంపియర్ అవర్లు ఉన్నదొకటి బాగా నచ్చింది. గుణిస్తే 111! వదిలేసి చిన్నదే కొన్నాను.

పెట్టె రాగానే బాపు పెరట్లో 200 లీటర్ల డ్రమ్ము నింపించాడు. వేస్తే మెల్లగా అడుక్కి పోయింది.

"మునుగుతుంది కదరా!"

"ఇవి మంచినీళ్లు బాపూ. సముద్రం నీళ్లు బరువు, లీటరుకు 25 గ్రాములు ఎక్కువ. ఇది మూడు లీటర్ల నీళ్లను పక్కకు తోస్తది, అంటే 75 గ్రాములు తేడా. అక్కడ తేలుతది."

"అయితే ఉప్పెయ్."

"ఏడు కిలోలు కావాలె."

బాపు చెప్పులేసుకుని కిరాణా షాపుకు పోయాడు. ఏడు ప్యాకెట్లు తెచ్చి, కట్టెతో తానే కలిపాడు. ఆరోది కరిగాక స్కూటర్ నెమ్మదిగా పైకి లేచింది. బాపు దాన్ని రెండుసార్లు కిందికి నొక్కి చూశాడు, రెండుసార్లూ లేచింది.

ఇక ఆ డ్రమ్ము ఉప్పునీళ్లు ఎక్కడ పారబొయ్యాలని అమ్మ మూడు రోజులు తిట్టింది.