బీగంచెవి ఎవరి చేతిలో ఉంది?



అమెరికా పోయి వచ్చినాను కదా, ఏమైనా రాయండి అని కొందరు అడిగినారు. అక్కడి జలపాతాలూ పెద్ద కట్టడాలూ అందరూ రాసేసినారు. నేను ఒక వైరు గురించి రాస్తాను. తమిళంలో చదువుకున్నవాణ్ణి, తెలుగు రాత రిటైరయినాకనే నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

మా పెద్దోడు ఒహాయోలో ఉంటాడు. కోడలు నర్సు. డ్యూటీ ముగించి ఇంటికి చేరేటప్పటికి నడిరాత్రి దాటుతుంది. అక్కడ కారు గ్యారేజీ ఇంటితో కలిసే ఉంటుంది. దాని పెద్ద తలుపును మోటారు పైకి లాగుతుంది. కారులో రిమోటు నొక్కితే చాలు, మంచులో దిగే పని లేదు. గ్యారేజీ లోపలినుంచి ఇంట్లోకి ఇంకో చిన్న తలుపు ఉంటుంది. మా వాళ్లు దానికి బీగం వేసేది లేదు. అంటే ఆ రిమోటే ఇంటి బీగంచెవి.

కోడలి కారు పాతది. రిమోటును ఎండతెరకు తగిలించుకునేది, ఆ క్లిప్పు విరిగింది. ఒక రాత్రి అది జారి బ్రేకు కింద పడింది. "మామా, కాలు వేస్తే బ్రేకు దిగలేదు" అని పొద్దున కాఫీ తాగుతూ చెప్పింది. ఆమె నవ్వుతూనే చెప్పింది. నా చేతిలో గ్లాసు మాత్రం వణికింది.

అక్కడ కొత్త కార్లు చాలావాటిలో ఈ బటన్లు లోపలే అమర్చి వస్తాయి. హోమ్‌లింక్ అంటారు. పాత కారుకు విడిగా కొని వైరు కలుపుకోవచ్చు. మా వాడు ఎవరో వాడి తీసేసిన మూడు బటన్ల పెట్టె ఒకటి తెప్పించినాడు. నేనూ వస్తానంటే, "నీకెందుకు నాయనా, చలి, లోపల టీవీ చూసుకో" అన్నాడు. మూడు నెలలుగా అదే మాట వింటున్నాను. కొళాయి కారినా, బల్బు పోయినా అదే మాట.

పోదనూరు సిగ్నల్ వర్క్‌షాపు ఆఫీసులో ఫైళ్లు రాసినవాణ్ణి. స్పానర్ పట్టింది తక్కువే, కానీ ఏ సామాను ఎందుకో తెలియకుండా ఇండెంటు రాసేది లేదు. అయినా నోరు మూసుకుని సోఫాలో కూర్చున్నాను.

అరగంటలో వాడే పిలిచినాడు. బ్యాటరీ వైరు విప్పకుండానే పని మొదలుపెట్టినాడు. ప్లస్ వైరు కొస కారు ఇనుముకు తగిలి ఫ్యూజు కాలిపోయింది. లోపలి దీపం ఆరిపోయింది. నేనేమీ అనలేదు. టార్చి పట్టుకున్నాను.

తరువాత ఇద్దరమూ కలిసే చేసినాము. ఆ పెట్టెకు కావలసింది రెండే వైర్లు. ఒకటి 12 వోల్టుల ప్లస్, ఒకటి కారు ఇనుముకు బోల్టుతో బిగించే ఎర్తు. ప్లస్ ఎక్కడ తీసుకోవాలనే దగ్గర మాకు వాదన వచ్చింది. "ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజులో పెడదాం నాయనా, సులువు" అంటాడు వాడు. "రాత్రి కారు బయట నిలబెడతారు కదరా. దొంగ అద్దం పగలగొట్టి ఆ బటన్ నొక్కితే? ఇంట్లో బిడ్డ నిద్రపోతుంటాడు కదా" అన్నాను. వాడు కాసేపు నన్నే చూసినాడు. మల్టీమీటర్ తీసి ఒక్కొక్క ఫ్యూజూ చూసినాము. కారు తాళం తిప్పితే 12 చూపించి, ఆపితే సున్నా అయ్యేది ఒకటి దొరికింది. గాలిసంచి ఫ్యూజుల జోలికి పోలేదు. దానికి బ్యాటరీ విప్పి, ఫ్యూజు పక్కన ఇంకో చిన్న ఫ్యూజు పెట్టే తగిలింపు కొని, దాంట్లోంచి వైరు లాగినాము. అద్దం పక్క స్తంభంలోనూ గాలిసంచి ఉంటుంది. దానికి అడ్డం రాకుండా వైరును వెనకనుంచి తీసుకుపోయినాము.

వైరు పని అంతే. అసలు పని ఆ తరువాత ఉంది.

ఆ పెట్టెలో పాత యజమాని ఇంటి కోడు ఇంకా ఉండొచ్చు. అంటే ఎవరిదో ఇంటి బీగంచెవి మన చేతిలో ఉన్నట్టు. ముందు రెండు చివరి బటన్లూ దీపం మిణుకుమనేదాకా నొక్కిపట్టి అంతా చెరిపినాము. అప్పుడు నాకు ఇంకో సందేహం వచ్చింది. "ఒరే, ఈ ఇల్లు కొన్నప్పుడు పాతవాళ్లు ఎన్ని రిమోట్లు ఇచ్చినారు?"

"ఒకటే."

"వాళ్ల దగ్గర ఎన్ని ఉండినాయి?"

వాడు జవాబు చెప్పలేదు.

మన రైల్వేలో ఒంటి లైను మీద నీల్స్ బాల్ టోకెన్ ఉండేది. రెండు స్టేషన్ల వాళ్లూ ఒప్పుకుంటేనే యంత్రంలోంచి గుండు బయటికి వస్తుంది. ఒకటి బయట ఉండగా రెండోది రాదు. ఆ గుండు చేతిలో లేకుండా డ్రైవరు బండి కదిలించడు. మా వాడి ఇంట్లో రెండేళ్లుగా ఎన్ని గుండ్లు బయట తిరుగుతున్నాయో లెక్కే లేదు.

మోటారు మీద 'లర్న్' అని ఒక బటన్ ఉంటుంది. దాన్ని పక్క దీపం ఆరిపోయేదాకా నొక్కిపట్టితే, అది నేర్చుకున్న రిమోట్లన్నీ మరిచిపోతుంది. వాడు నిచ్చెన ఎక్కి అది చేసినాడు. తరువాత మా రిమోటును మళ్లీ నేర్పించి, దాన్ని కారులోని పెట్టె దగ్గర పట్టుకుని రెండు బటన్లూ కలిపి నొక్కితే దీపం గబగబా మిణికింది. ఈ మోటార్లు నొక్కినప్పుడల్లా కోడు మార్చుకుంటాయి. అందుకని ఇంకో మెట్టు ఉంది. పైన 'లర్న్' నొక్కిన 30 సెకండ్లలోపు కారులో బటన్ నొక్కాలి. ఒక్కడైతే నిచ్చెన దిగి పరుగెత్తాలి. ఇద్దరైతే సులువు.

నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను. వాడు నిచ్చెన మీదనుంచి, "నాయనా, లైన్ క్లియర్!" అని అరిచినాడు. చిన్నప్పుడు నాతో స్టేషనుకు వచ్చి విన్న మాట అది. వాడికి గుర్తుందని నాకు తెలియదు. బటన్ రెండుసార్లు నొక్కినాను. తలుపు కదిలింది.

ఆ రాత్రి కోడలు వచ్చేదాకా నేను మేలుకునే ఉన్నాను. తలుపు లేచే చప్పుడు విని పడుకున్నాను.

మన కోయంబత్తూరులోనూ ఇప్పుడు మోటారు గేట్లు వస్తున్నాయి. అందుకే ఈ రాత. అట్లాంటి ఇల్లు కొన్నా, బాడుగకు తీసుకున్నా, మొదటి రోజే పాత రిమోట్లన్నీ చెరిపించండి. బటన్లున్న కారు అమ్మేటప్పుడు కూడా చెరిపి అమ్మండి. బీగం మంచిదా అని అందరూ చూస్తారు. బీగంచెవులు ఎన్ని ఉన్నాయో, ఎవరి చేతిలో ఉన్నాయో కూడా లెక్క పెట్టుకోండి.