మా ఊరామె

ఇంగ్లీషు నోరు తిరగాలని రాత్రిపూట సెల్లులో పాత ఇంగ్లీషు సినిమాలు చూస్తుంటాను. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటిదాన్ని నేనే. పంతులమ్మనయ్యాను గానీ ఇంగ్లీషంటే ఇప్పటికీ నాలుక మొద్దుబారుద్ది. అట్లా చూసిందే ‘ఎవర్‌గ్రీన్’. 1934లో విక్టర్ సావిల్ బ్రిటన్‌లో తీసిన ఆటపాటల నవ్వుల సినిమా.

హ్యారియెట్ గ్రీన్ అని పేరుమోసిన పాటగత్తె. పెళ్లికి ముందు పుట్టిన బిడ్డ సంగతి బయటపెడతానని ఒకడు బెదిరిస్తే స్టేజీనీ బిడ్డనీ వదిలి వెళ్లిపోద్ది. ఏళ్లు గడిచాక ఆ బిడ్డ పని దొరక్క తిరుగుతుంటది. అచ్చం తల్లి పోలికే. ఇంకేం, అరవయ్యేళ్ల హ్యారియెట్టే వన్నె తగ్గకుండా తిరిగొచ్చిందని చాటిస్తారు. జనం విరగబడతారు. తల్లీ కూతురూ ఇద్దరుగా వేసింది జెస్సీ మాథ్యూసే.

జెస్సీ 1907లో లండన్‌లోని సోహోలో పుట్టింది. తండ్రి బజార్లో పళ్లూ కూరగాయలూ అమ్మేవాడు. ఆమె వాడ యాస మాన్పించి దొరసానుల పలుకు నేర్పించారట. నా ‘వచ్చుద్ది, పోద్ది’కి క్లాసంతా నవ్వించిన ట్రైనింగు సారు గుర్తొచ్చాడు. ఇప్పుడు మా పిల్లల నోట ఆ మాటలే వస్తే ఎర్రసిరాతో దిద్దేది నేను.

నాదీ వేషమే. టౌన్లో ఇల్లు అడిగితే ఇంటావిడ ఇంటిపేరడిగింది. మా ఇంటిపేరు వాళ్లలోనూ ఉంది. “అయితే మనోళ్లే” అంది. నేను కాదనలేదు. అంతకుముందు నాలుగిళ్లు తిరిగాను మరి.

ఒక ఆదివారం మా అమ్మ మిరపకాయల సంచి నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఎవరమ్మా ఆమె అంది ఇంటావిడ.

“మా ఊరామె” అన్నాను.

అమ్మ నా మొహంలోకి ఒక్కసారి చూసింది. అంతే. సంచి గుమ్మం బయటే దించి, “అవునండీ, మేడంగారి అమ్మగారు పంపిచ్చారండి” అంది. అంత నటన జెస్సీ మాథ్యూస్ కూడా చెయ్యలేదు. అన్నం తినకుండానే మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయింది.

సినిమాలో ఆ పిల్ల చివరికి నిండు స్టేజీ మీద వేషం తీసి పారేసుద్ది. కోర్టుకీ ఎక్కుద్ది. నేను ఆ ఇంటికి ఇంకా నెలనెలా ఒకటో తారీకున అద్దె కడుతున్నాను. అమ్మ మళ్లీ రాలేదు. మిరపకాయలు మాత్రం ఎవరో ఒకరి చేత పంపిస్తానే ఉంది.