న్యాయస్థానపు మేడయు, దాని మాటయు

బెజవాడలో తొమ్మిదంతస్తుల క్రొత్త న్యాయస్థాన భవనమును 2022వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీని నాఁటి భారత ప్రధాన న్యాయమూర్తి నూతలపాటి వేంకటరమణగారు ప్రారంభించిరి. 2013లో దానికి పునాదిఱాయి వేసినవారును వారే. పొన్నవరమున జన్మించిన తెలుఁగువారి చేతులమీఁదుగా ఈ రెండు కార్యములును జరుగుట మాకు మిక్కిలి సంతోషము.

మేడ యవసరమే. కక్షిదారులు ఇఱుకు వసారాలలో నిలువఁబడి ప్రొద్దు పుచ్చుట న్యాయమునకు వన్నె గాదు. అయినను మేడయే సర్వము గాదు. 1859లో కృష్ణామండల మేర్పడినప్పుడు బందరు దానికి ముఖ్యపట్టణమయ్యెను. 1864 నాఁటి యుప్పెనలో ఆ యూర గోడలెన్నియో కూలినను, జిల్లాకోర్టునకు నేఁటికిని అదియే నెలవు. గోడలు కూలినచో మరలఁ గట్టవచ్చును. జనుల నమ్మకము కూలినచో మరలఁ గట్టుట కష్టము.

ఆ నమ్మకమునకు మూలము, చెప్పిన న్యాయము విన్నవారికి తెలియుట. తెలుఁగు 1966లో రాష్ట్రాధికార భాష యయ్యెను. క్రింది న్యాయస్థానముల భాషను నిర్ణయించు నధికారమును సివిల్ ప్రొసీజరు కోడు 137వ సెక్షను రాష్ట్రప్రభుత్వమునకే యిచ్చినది. అయినను తీర్పులు తఱచుగా నింగ్లీషుననే వెలువడుచున్నవి. 1986 నాఁటి మన రాష్ట్రపు చట్టము, అవివాహితలగు కుమార్తెలకు ఉమ్మడి యాస్తిలో కుమారులతోపాటు సమభాగ మిచ్చెను. ఆ భాగమునకై వ్యాజ్యము వేసిన యాఁడుబిడ్డ, తాను గెలిచినదియు నోడినదియు ప్లీడరు గుమాస్తా నోటనే వినవలసివచ్చినచో, ఆమెకు దక్కినది సగము న్యాయమే.

చదువరులారా, మీ యింటి వ్యాజ్యము ముగిసిననాఁడు తీర్పును తెలుఁగున నడుగుఁడు. అడుగువారు లేనిచో నిచ్చువారు నుండరు.