ఇంటికప్పు – పెనుగాలి

మానవుని కనీసావసరాలలో కూడు, గుడ్డల తరువాత పేర్కొనదగినది గూడు. ఎండకు గొడుగై, వానకు చాటై, చలికి దుప్పటియై మనిషిని కాపాడేది ఇల్లు. ఆ ఇంటికి గోడలు ఎంత ముఖ్యమైనా, దానిని ఇల్లుగా నిలిపేది కప్పు. గోడలుండి కప్పు లేనిది పాడుబడిన కొంపే గాని ఇల్లు కాదు. కుటుంబభారాన్ని మోసే వ్యక్తిని ‘ఇంటికి నిట్రాటి వంటివాడు’ అని మన పెద్దలు అనడంలోని ఆంతర్యం ఇదే. కప్పు బరువును నేలకు దించే స్తంభం నిట్రాడు. అయితే బరువును మోసే స్తంభం ఉంటే చాలునా? ప్రశాంతమైన రోజున చాలును. పెనుగాలి వీచిన రోజున మాత్రం సమస్య తలకిందులవుతుంది. ఆనాడు కప్పు కిందికి కూలడానికి కాదు, పైకి ఎగరడానికి ప్రయత్నిస్తుంది.

గాలి ఇంటిని నెట్టివేస్తుందని సామాన్యంగా అందరూ భావిస్తారు. అది సగం సత్యమే. గాలి తనకు ఎదురుగా ఉన్న గోడను లోపలికి నెడుతుంది; పక్క గోడలను, వెనుక గోడను వెలుపలికి లాగుతుంది. కప్పు అంచును తాకిన గాలి అక్కడ చీలి, వేగం పుంజుకొని, పైకి లేచి సాగుతుంది. అందువల్ల కప్పుపై పీడనం తగ్గి, దానిని పైకి పీల్చే బలం పుడుతుంది. వాలు తక్కువగా ఉన్న కప్పులలో ఈ బలం అధికం. చూరుల వద్ద, మూలల వద్ద, కొప్పు వద్ద అది మరింత తీవ్రరూపం దాలుస్తుంది. తుపానులో ముందుగా లేచిపోయేవి మూలల పెంకులు, చూరు రేకులు కావడానికి కారణమిదే.

గాలివేగం రెట్టింపైతే దాని బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి ప్రతి చదరపు మీటరు మీద సుమారు 38 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడిని కలిగించగలదు. వేగం 180 కిలోమీటర్లకు చేరితే ఆ ఒత్తిడి 150 కిలోలు దాటుతుంది. తేలికపాటి రేకుల కప్పు బరువు ఇందులో ఏ కొద్ది భాగమో! కనుక కప్పును తుపానులో నిలిపేది దాని బరువు కాదు, దాని కట్టుబాటు.

దీనికి తోడు మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. గాలికి ఎదురుగా ఉన్న తలుపో, కిటికీయో విరిగితే గాలి ఇంటిలోనికి దూసుకువస్తుంది. అప్పుడు పైనుండి పీల్చే బలానికి లోపలినుండి నెట్టే బలం తోడవుతుంది. కిటికీలు తెరిచి ఉంచితే లోపలి, వెలుపలి పీడనాలు సమానమై ఇల్లు నిలుస్తుందని కొన్ని దేశాలలో ఒకప్పుడు నమ్మేవారు. అది అపోహ అని తేలింది. తెరిచిన కిటికీ తుపానును ఆహ్వానించడమే తప్ప మరొకటి కాదు.

కొయ్యతో నిర్మించే ఇళ్లకు అమెరికా పెట్టింది పేరు. అక్కడ స్థిరపడిన తెలుగువారిలోనూ అనేకులు అట్టి ఇళ్లలోనే కాపురముంటున్నారు. సన్నని కొయ్యకంబాలతో గోడల చట్రం కట్టి, దానిపై వాసాలు నిలిపి, వాసాలపై పలకలు మేకులతో బిగించి, ఆపై కప్పు పరుస్తారు. కొయ్య బలహీనమైనదని తలచరాదు. కొద్దిసేపు మాత్రమే ఉండే భారాన్ని అది తన సాధారణ శక్తికి మించి భరించగలదు. మరి లోపం ఎక్కడ? ఈ ప్రశ్నకు 1992 ఆగస్టు 24న దక్షిణ ఫ్లోరిడాను తాకిన ‘ఆండ్రూ’ హరికేన్ సమాధానమిచ్చింది. గంటకు సుమారు 265 కిలోమీటర్ల వేగంతో వీచిన ఆ గాలికి పాతికవేలకు పైగా ఇళ్లు నేలమట్టమయ్యాయి.

శిథిలాలను పరిశీలించిన నిపుణులకు విరిగిన దూలాలకంటె ఊడిన అతుకులు ఎక్కువగా ఆలోచన కలిగించాయి. కొన్ని ఇళ్లలో పలకలను బిగించిన చీలలు వాసానికి తగలనేలేదు. పక్కనుండి వట్టి గాలిలోనికి దిగాయి! పైనుండి చూసేవారికి ఆ లోపం కనబడదు. ఒక పలక లేచిపోతే వాన లోనికి దిగుతుంది. వాసాలకు ఒకదానితో ఒకటికి సంబంధం తెగి అవి ఒరిగిపోతాయి. రెండు వాలుల కప్పుకు చివర నిలిచే త్రికోణపు గోడలు కూలిన ఇళ్లు ఎన్నో. నాలుగు వైపులా వాలుగా ఉన్న కప్పులు వాటికంటె మెరుగుగా నిలిచాయి.

ఆ అనుభవం ఒక సూత్రాన్ని స్పష్టం చేసింది. పలకను వాసానికి, వాసాన్ని గోడకు, గోడను పునాదికి గొలుసువలె ఎడతెగకుండా బంధించాలి. గొలుసులో ఒక్క కడియం బలహీనమైతే తక్కినవాటి బలం వ్యర్థం. వాసాన్ని గోడకు పట్టి ఉంచే ఇనుపపట్టీ వెల ఇంటి వెలలో లెక్కకు రానిది. కాని ఇంటి భవితవ్యం దానిపైననే ఆధారపడి ఉంటుంది. ఫ్లోరిడా రాష్ట్రమంతటికీ వర్తించే కఠినమైన నిర్మాణ నియమాలు 2002లో అమలులోనికి వచ్చాయి. 2004లో ‘చార్లీ’ హరికేన్ తాకినప్పుడు కొత్త నియమాల ప్రకారం కట్టిన ఇళ్లు పాతవాటికంటె బాగా తట్టుకున్నాయి.

ఈ విజ్ఞానం తెలుగు తీరానికి పూర్తిగా కొత్తది కాదు. ఉత్తరాంధ్ర సముద్రతీర గ్రామాలలోని చుట్టిళ్లను గమనించండి. గుండ్రని మట్టిగోడ, దానిపై శంఖువు వంటి తాటాకు కప్పు, ఇంచుమించు నేలను తాకే చూరు. గాలి పట్టుకొని పీకడానికి అక్కడ మూలలే లేవు. చూరు కిందికి దూరడానికి సందూ తక్కువే. శాస్త్రగ్రంథం చదవకపోయినా సముద్రాన్ని చదివినవారు ఆ పూర్వులు. అయినా ప్రకృతి ఉగ్రరూపం ముందు ఆ తెలివి ఒక్కటే చాలదు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. ఎంత బలమైన పూరిల్లైనా ఆ నీటికి ఆగజాలదు. అట్టి వేళ ఇంటిని విడిచి తుపాను రక్షణ భవనానికి చేరడమే వివేకం.

2014 అక్టోబరు 12న ‘హుద్‌హుద్’ తుపాను విశాఖపట్నం వంటి మహానగరాన్నే అతలాకుతలం చేసింది. విమానాశ్రయపు కప్పు సైతం దెబ్బతిన్నది. బరువైన కాంక్రీటు శ్లాబు గల ఇళ్లు నిలిచినా, రేకుల కప్పు కింద తలదాచుకునే పేదల బాధ వర్ణనాతీతం. కప్పు పోతే పోయేది రేకులు మాత్రమే కాదు. ఏడాది తిండిగింజలు, పిల్లల పుస్తకాలు, భద్రంగా దాచుకున్న కాగితాలు ఒక్క రాత్రిలో తడిసి ముద్దవుతాయి. రేకులు ఎగరకుండా వాటిపై రాళ్లు పేర్చడం పరిపాటి. చదరపు మీటరుకు 150 కిలోల బలానికి నాలుగు రాళ్లు ఏపాటి? పైగా రేకు లేచినప్పుడు ఆ రాయి కింద ఉన్నవారి నెత్తినే పడవచ్చు. అదే శ్రమతో కొక్కెం బోల్టులు దగ్గరదగ్గరగా, చూరుల వద్ద మరింత దగ్గరగా బిగిస్తే, వాసాలను గోడకు ఇనుపకడ్డీతో కట్టితే, ఆ కప్పు ఎన్నో గాలులను తట్టుకోగలదు.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం కృతఘ్నత అని మన సామెత. కాని ఉన్న ఇంటి వాసాలను తుపాను రాకముందే లెక్కపెట్టుకోవడం, వాటి కట్లను సరిచూసుకోవడం గృహస్థుని కర్తవ్యం. గాలిని ఆపడం మానవుని వశంలో లేదు. ఒక మేకును సరైన చోట దిగగొట్టడం మాత్రం అతని చేతిలోని పనే.