చేయి ఎత్తితే ఆపేస్తాను

పంటి వైద్యుని వద్దకు వెళ్లవలసిన పనిని మీరు ఎన్నాళ్లుగా వాయిదా వేస్తున్నారు? జవాబు నాకు చెప్పనక్కరలేదు. వైద్యుడినై ఉండి కూడా నేను నాలుగేళ్లు వాయిదా వేశాను.

మణుగూరులో పనిచేసిన కాలంలో, పంటి నొప్పితో వచ్చినవారికి మాత్రలు రాసి, దంతవైద్యుని చూడమని చీటీ ఇచ్చి పంపేవాడిని. చాలామంది వెళ్లేవారు కారు. అది నిర్లక్ష్యమేనని నా గట్టి నమ్మకం. ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడిపే కార్మికుడొకరు అదే పన్ను పట్టుకొని మూడోసారి వచ్చినప్పుడు, వరుసలో ఉన్న అందరి ముందూ మందలించాను. గుట్కా మరకలు పట్టిన ఆయన పళ్లను చూసి అనకూడని మాట ఒకటి అన్నాను. తల వంచుకొని వెళ్లిపోయాడు.

పది రోజుల తర్వాత ఒక రాత్రి ఆయనను భార్య, తమ్ముడు చెరోవైపు పట్టుకొని తీసుకువచ్చారు. దవడ కింద రెండు వైపులా చెక్కలా గట్టిపడిన వాపు. నాలుక పైకి లేచింది. ఉమ్మి మింగలేకపోతున్నాడు. 1836లో లుడ్విగ్ అనే జర్మను వైద్యుడు వర్ణించిన జబ్బు అది. సాధారణంగా కింది దవడ పంటి చీమే దానికి మూలం. వాపు శ్వాసమార్గాన్ని మూసివేస్తే ప్రాణం నిలవదు. అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పంపాము. దక్కాడు. కోలుకొని వచ్చాక, "ముందే ఎందుకు రాలేదయ్యా?" అని అడిగాను.

"మీరు మళ్లీ తిడతారని, సార్."

ఆ తర్వాతనే, చీటీ ఇచ్చే ముందు నేను అడగడం నేర్చుకున్నాను. ఒకరికి మస్టరు పోతుందన్న బాధ. ఒకరికి పై పన్ను పీకిస్తే చూపు పోతుందన్న భయం. పై పళ్లకు స్పర్శనిచ్చే నరం ఐదవ కపాల నాడి శాఖ, చూపునిచ్చేది రెండవది. రెండింటికీ సంబంధం లేదు. అయితే పై దవడకు మత్తు ఇచ్చినప్పుడు ఒక్కోసారి కింది కనురెప్ప దాకా తిమ్మిరెక్కుతుంది. ఆ నమ్మకం అక్కడే పుట్టి ఉంటుందని నా ఊహ. అడవి అంచు గూడెం నుండి వచ్చిన ఒక కోయ అవ్వ మాత్రం ఏమీ చెప్పలేదు. ఆమె భాష తెలిసిన ఆశా కార్యకర్త పక్కన కూర్చున్నాకే నోరు తెరిచింది.

కానీ అన్నిటికంటే మొండిది, నొప్పి భయం. అది వట్టి అపోహ కాదని మీకు చెప్పవలసిన బాధ్యత నాది. చీము పట్టి వాచిన చోట ఆమ్లత్వం పెరుగుతుంది. అక్కడ మత్తుమందు సరిగా పట్టదు. అంటే భయపడి ఆలస్యం చేసినవారికే నొప్పి ఎక్కువ తెలుస్తుంది. ఆ అనుభవాన్ని ఇంటిల్లిపాదికీ చెబుతారు. విన్నవారు మరింత ఆలస్యం చేస్తారు. అదే పన్నుకు చీము పట్టకముందు వెళితే, 1940ల నుండి వాడుకలో ఉన్న లిగ్నోకెయిన్ సూది ఒకటి చాలామందికి సరిపోతుంది.

నా పన్ను సంగతికి వస్తాను. కొత్తగూడెంలో నన్ను చూసినది నా కూతురి వయసు దంతవైద్యురాలు. "ఏమీ కాదు" అని ఒక్కసారీ అనలేదు. "సార్, సూది గుచ్చినప్పుడు కాసేపు చురుక్కుమంటుంది. మందులో అడ్రినలిన్ ఉంది కనుక గుండె దడదడలాడవచ్చు, కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. తర్వాత నొప్పి తెలియదు గానీ నొక్కుతున్నట్టు తెలుస్తుంది. ఎడమ చేయి ఎత్తితే ఆపేస్తాను" అన్నది. గుండె దడ సంగతి వైద్యుడినైన నాకే ముందుగా చెప్పకుంటే కంగారుపడి ఉండేవాడిని. నొప్పి లేకపోయినా, పరీక్షించాలన్న బుద్ధి పుట్టి ఒకసారి చేయి ఎత్తాను. వెంటనే ఆగింది. మళ్లీ ఎత్తవలసిన అవసరం రాలేదు.

మీరు వెళ్లినప్పుడు, "నాకు భయం, చేయి ఎత్తితే ఆపండి" అని కుర్చీ ఎక్కకముందే అడగండి. అందులో నామోషీ లేదు. మొదటిసారి చూపించుకొని మాత్రమే వస్తానన్నా తప్పులేదు. మామూలు మత్తు సూదికి కడుపు మాడ్చుకోనక్కరలేదు, తిని వెళ్లండి. బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నా దాచకండి. ఆ మందులను మీ అంతట మీరు మానకండి. ఇంట్లో ఒకరిని తోడు తీసుకువెళ్లండి. ఒక్క సందర్భంలో మాత్రం తీరిక చూసుకోవద్దు: దవడ కింద వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగడం కష్టం కావడం కనిపిస్తే ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఆ డంపరు కార్మికుని నోట్లో ఇంకొక పుచ్చుపన్ను మిగిలి ఉండేది. దానికి నేను చీటీ రాయలేదు. ఆయన సెలవు రోజు చూసుకొని ఇద్దరం కొత్తగూడెం బస్సు ఎక్కాము. లోపల కుర్చీ పక్కనే స్టూలు వేసుకొని కూర్చున్నాను. ఆయన రెండుసార్లు చేయి ఎత్తాడు. రెండుసార్లూ ఆమె ఆగింది.