ఉత్తరదేశమున ఉత్తరాలపెట్టె

మద్దిలపాలెములోని మా యింటికి చేతివ్రాతతో ఉత్తరము వచ్చి ఎన్నేండ్లయినదో మేము చెప్పలేము. బ్యాంకు కాగితములు, శుభలేఖలు తప్ప తపాలావాడు మా గుమ్మమున నిలుచుట అరుదైపోయినది. అట్టి మమ్ములను భూగోళపు ఉత్తరపుటంచున, ఎలుగుబంట్లు తిరుగు కొండదారిలో, ఉత్తరాలపెట్టెను వెదకునట్లు చేసినది మా తొమ్మిదేండ్ల మనుమరాలు. ఆ ముచ్చటను సోదరీమణులకు విన్నవింతుము.

మేము తోడికోడండ్రము ఇద్దఱము. ముప్పది యేండ్లకు పైగా ఒక్క కప్పుక్రింద కాపురము చేయుచున్నాము. మా యింట ఆడపిల్ల యొక్కతే. ఆమె ఎవరి కూతురని అడిగినచో మేమిద్దఱమును ఒక్కసారిగా పలుకుదుము. ఆ పిల్ల మాకు కూతవేటు దూరమున నున్న ఆంధ్ర విశ్వవిద్యాలయములో చదివి, పెండ్లియైన పిమ్మట భర్తతో అలాస్కాలోని ఆంకరేజి పట్టణమునకు పోయినది. మనుమరాలు అక్కడనే పుట్టినది. దానికి తెలుగు వినిన తెలియును. నోట మాత్రము పలుకదు. ప్రతి ఆదివారమును టెలిఫోనులో "బాగున్నావా, తల్లీ?" అని మేమడుగుదుము. "బాగున్నాను" అని అది చెప్పును. "అన్నం తిన్నావా?" "తిన్నాను." అంతటితో మాటలు సరి. తల్లి ప్రక్కనుండి "తెలుగులో మాట్లాడవే" అని గద్దించిన కొలదిని పిల్ల టెలిఫోనుకు దూరమగుచు వచ్చెను. మేము కన్నుమూయు లోపల ఈ పిల్లకు ఒక్క కథయైన చెప్పగలుగుదుమా యను దిగులు మా యిద్దఱికిని ఉండెను. కాని ఒకరితో ఒకరము అనుకొనలేదు.

2024 వ సంవత్సరము జూను నెలలో మేము అచటికి పోయితిమి. మొదట మమ్ములను కంగారుపెట్టినది అక్కడి పగలు. మన విశాఖపట్నమున ఎంత పెద్ద పగలైనను 13 గంటలకు కొంచెము పైన. అక్కడ 19 గంటలు దాటును. రాత్రి పదునొకండు గంటలకును వెలుగే. సంధ్యాదీపము ఎప్పుడు వెలిగింపవలెనో తెలియక గడియారము చూచి వెలిగించితిమి. అయినను అంత పొడుగు పగటిలోను మనుమరాలితో మాటలు సాగలేదు. భోజనమువేళ తల్లి యొకనాడు గట్టిగా కసరగా, పిల్ల కంచము విడిచి తన గదిలోనికి పోయి తలుపు వేసికొనెను. అమ్మాయి వంటయింట నిలుచుండి కన్నీరు పెట్టుకొనినది. మేము మాటలేక అంట్లు తోమితిమి.

మఱునాడు పిల్ల తానే వచ్చి ఒక చిన్న పుస్తకమును మా యెదుట పెట్టెను. పుట పుటకును రబ్బరు ముద్రలు: ఒకచోట చేప, ఒకచోట దుప్పికొమ్ములు, ఒకచోట ఆకు. ఏమిటివి యని యడుగగా తల్లి వివరించినది. ఎవరో ఒకరు నీరు చొరని డబ్బాలో ఒక పుస్తకమును, చేత చెక్కిన ముద్రను ఉంచి, కొండలోనో అడవిలోనో దాచి, దారి తెలుపు గుఱుతులను మాత్రము లోకమునకు వెల్లడింతురట. వెదకబోవువారు తమ పుస్తకమును, తమ ముద్రను, సిరాదిండును వెంట తీసికొని పోవుదురు. డబ్బా దొరికినచో అందలి ముద్రను తమ పుస్తకమునను, తమ ముద్రను అందలి పుస్తకమునను వేసి, తేదీ వ్రాసి, దానిని ఉన్నచోటనే మఱల దాచి వత్తురు. తెచ్చుకొనునది ముద్ర తప్ప మఱేమియు లేదు.

ఈ వినోదము ఇంగ్లండులోని డార్ట్‌మూరను బీడునేలలో పుట్టినది. 1854 లో జేమ్స్ పెరట్ అను దారిచూపువాడు, క్రాన్మియర్ పూల్ అను దుర్గమస్థలమున ఒక సీసాను ఉంచి, అంతదూరము నడచి వచ్చినవారు తమ పేరుచీట్లను అందులో విడుచునట్లు ఏర్పాటు చేసెనట. తరువాతివారు అక్కడ ఉత్తరములను విడువసాగిరి. వెనుక వచ్చినవారు వానిని తీసికొనిపోయి తపాలాలో వేయవలెను. అందుచేతనే ఉత్తరాలపెట్టె యను పేరు. 1998 లో స్మిత్‌సోనియన్ పత్రికలో దీనిగూర్చి వ్యాసము వెలువడిన పిమ్మట అమెరికాలోను వ్యాపించినది.

మాకును ముద్రలు కావలెనని పిల్ల పట్టుపట్టెను. పెన్సిలు గీతలు చెఱుపు రబ్బరును, సన్నని కత్తిని తెచ్చియిచ్చెను. మాకు వచ్చినది ముగ్గు. పద్మపు ముగ్గును చెక్కితిమి. ఇరువైపులును సమముగ నుండుటచే అది కాగితముపై చక్కగా పడెను. అది చూచి పిల్ల తానును ఒక తెలుగు అక్షరము చెక్కుదునని "అ" చెక్కెను. కాగితముమీద అది తలక్రిందులైనట్లు ఎడమకుడులు మాఱి పడెను. పిల్ల పకపక నవ్వి, అద్దము తెచ్చి, అద్దములో "అ" ను చూచి మఱల చెక్కెను. ఆ సాయంకాలము దాని వ్రేళ్లు ఆ యక్షరము చుట్టు ఎన్నిమారులు తిరిగినవో! పలకమీద దిద్దించినను అన్నిమారులు దిద్దియుండదు.

డెనాలి జాతీయోద్యానము వంటి చోట్ల అనుమతి లేక ఇట్టి డబ్బాలను దాచరాదట. కావున ఆంకరేజికి వెలుపల నొక కొండదారిని పోయితిమి. ఆ దారిని ఎలుగుబంట్లు తిరుగును. మనుష్యుల సవ్వడి ముందుగా వినిన అవియే తొలగిపోవును గనుక మాటలాడుచునో పాడుచునో నడువవలెనని అల్లుడు చెప్పెను. మాటలు లేనివారము గనుక మేము పాటలందుకొంటిమి. లాలిపాటలు, అప్పగింతల పాటలు, చివరకు మంగళహారతులును పాడితిమి. ఎలుగుబంట్లు రాలేదు గాని పిల్ల మా నడుమకు వచ్చి నడిచెను.

గుఱుతుల కాగితము ఇంగ్లీషులో నుండెను. మాకు ఇంగ్లీషు రాదు. అమ్మాయియు అల్లుడును, కావలెననియో అలసటచేతనో, వెనుకబడిరి. దారి చెప్పవలసిన భారము పిల్లమీద పడెను. అది కాగితము చూచి, మా మొగములు చూచి, మెల్లగా మొదలుపెట్టెను. "వంతెన దాటాక... వంద అడుగులు. పెద్ద రాయి. తెల్ల చెట్లు, మూడు." అటుపైన ఆగిపోయెను. ఒక మాట దానికి దొరకలేదు. చేయి పైకెత్తి, "ఈ చెయ్యి వైపు. అన్నం తినని చెయ్యి!" అనెను.

"దాన్ని ఎడమ అంటారు, తల్లీ" అని మేము చెప్పితిమి.

"ఎడమ, ఎడమ" అనుకొనుచు అది ముందు పరుగెత్తెను. తెల్లని బెరడుగల మూడు బిర్చి చెట్ల వెనుక పడియున్న మ్రానుక్రింద డబ్బా దొరికెను. లోపల పుస్తకము పొడిగానే యుండెను. మా పద్మమును, పిల్ల "అ" ను ప్రక్కప్రక్కల ముద్రించితిమి. తెలుగులో వ్రాయుమని అదియే కోరినది. "విశాఖపట్నం మద్దిలపాలెం నుండి వచ్చిన ఇద్దరు అమ్మమ్మలు, వారి మనుమరాలు" అని వ్రాసితిమి.

పిల్ల ఆ పంక్తిని చాలసేపు చూచి, "ఇందులో నేనెక్కడ?" అని యడిగెను. చివరి మాటను చూపితిమి. దానిమీద వ్రేలు పెట్టి అక్షరము వెంట అక్షరము తిప్పెను. "ఇక్కడ ఇది ఎవరు చదువుతారు?" అని మఱల నడిగెను.

"తెలుగువారెవరైనా వస్తే చదువుతారు. రాకపోతే నువ్వే పెద్దదానివై వచ్చి చదువు" అంటిమి.

తిరిగివచ్చు దారిలో మాకొక సంగతి తోచినది. ఇంతకాలమును పిల్లకు తెలుగుమీద ఇష్టము లేదని నిందించితిమి. నిజమునకు దాని తెలుగుతో మాకెన్నడును పనిపడలేదు. తిన్నావా, బాగున్నావా యను ప్రశ్నలకు జవాబు మాకు ముందే తెలియును. దారి మాకు తెలియనప్పుడు, చెప్పగలిగినది తానొక్కతే యైనప్పుడు, దానికి మాట వచ్చినది. ఇంకొకటియు ఒప్పుకొనవలెను. పిల్ల మా భాష నేర్వలేదని వగచిన మేము, ఈ తొమ్మిదేండ్లలో దాని భాషలో పది మాటలైన నేర్వలేదు.

ఇల్లు చేరిన పిమ్మట మేమును ఒక పెట్టెను దాచితిమి. కంబాలకొండ అభయారణ్యము మాకు దగ్గఱదే గాని అడవిలో వస్తువులు విడుచుట తగదు. కావున మా పెరటినే ఎన్నుకొంటిమి. బిస్కత్తుల డబ్బాలో పుస్తకము, క్రొత్తగా చెక్కిన ముద్ర, వాన తగులకుండ పైన రెండు మైనపుగుడ్డలు. గుఱుతులను పెద్ద అక్షరములతో తెలుగున వ్రాసి, నెలకొక ఉత్తరము చొప్పున తపాలాలో పంపుచున్నాము. అన్నియు చదువగలిగిననే డబ్బా దొరకును. చదివి చెప్పవద్దని తల్లికి గట్టిగా చెప్పితిమి. దూరదేశమున మనుమలున్న సోదరీమణులు ఈ ఉపాయమును చేసి చూడవచ్చును. ఖర్చు తపాలా బిళ్లలు మాత్రమే. చీమలు చేరకుండ తినుబండారములు మాత్రము లోపల పెట్టకుడు.

మొదటి ఉత్తరమునకు జవాబు రాలేదు. రెండవదానికిని రాలేదు. తొందరపెట్టరాదని ఒకరి నొకరము వారించుకొని మూడవది పంపితిమి. అందులో "తులసికోట దాటి జామచెట్టుకు ఎడమగా ఏడడుగులు" అని వ్రాసితిమి. దానికి జవాబుగా తపాలావాడు ఒక కవరు తెచ్చియిచ్చెను. లోపల గీతల కాగితముమీద, కొన్ని తిన్నగను కొన్ని ఎడమకుడులుగను ఉన్న అక్షరములతో, ఒక్క పంక్తి యుండెను:

"ఎడమ అంటే అన్నం తినని చెయ్యే కదా?"