నిప్పుల మీద కోడి, అప్పుల మీద అంగడి

మద్రసాలో క్రయవిక్రయాల అధ్యాయం బోధిస్తూ ఖర్జూరాలు, గోధుమలు, ఒంటెల ఉదాహరణలే చెబితే మధ్యాహ్నపు తరగతిలో సగంమంది కునుకు తీస్తారు. అందుకే కొన్నేళ్లుగా అమెరికాలోని ఒక కోడిమాంసపు అంగడి కథ చెబుతున్నాను.

1985లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూటన్‌లో 'బోస్టన్ చికెన్' వెలిసింది. నూనెలో వేయించినది కాక, సెగపై తిప్పుతూ కాల్చిన కోడి, తోడుగా కూరగాయలు. పనినుండి అలసి వచ్చే తల్లిదండ్రులు ఇంటి భోజనంవంటిది కొనుక్కుపోయేవారు. ఆలోచన నిజంగా మంచిది. 1993లో వాటాలు అమ్మకానికి పెడితే, 20 డాలర్ల వాటా తొలిరోజే 48 డాలర్లు దాటింది.

చిక్కంతా విస్తరణ పద్ధతిలో ఉన్నది. సంస్థ ప్రాంతాలవారీగా పెద్ద ఫ్రాంచైజీదారులను నియమించి, అంగళ్లు తెరవడానికి సొమ్ము తానే అప్పిచ్చింది. వారు రుసుములు, రాయల్టీ, వడ్డీ చెల్లించేవారు; అవి సంస్థ పద్దులో ఆదాయంగా మెరిసేవి. అంగళ్ల నష్టం మాత్రం ఫ్రాంచైజీదారుల పద్దులోనే మిగిలేది. కుడిచేత్తో ఇచ్చినదానిలో కొంత ఎడమచేత్తో పుచ్చుకొని దానినే సంపాదన అన్నారన్నమాట! ముజారబాలో వ్యాపారం దెబ్బతింటే సొమ్ము పెట్టినవాడు నష్టం మోస్తాడు. వడ్డీకిచ్చినవాడు తనకు ఆ బాధ లేదనుకుంటాడు. ఇక్కడ అంగళ్లు అప్పు తీర్చలేకపోయేసరికి ఆ నష్టం అప్పిచ్చినవాడి గడపకే వచ్చింది. 1998 అక్టోబరులో, వెయ్యికి పైగా అంగళ్లు తెరిచిన సంస్థ దివాలా రక్షణ కోరింది.

అప్పటికే 'బోస్టన్ మార్కెట్'గా పేరు మార్చుకొని పందిమాంసం సైతం వడ్డిస్తున్నది. అది వేరే సంగతి. 2000లో మెక్‌డొనాల్డ్స్ కొనుక్కొని, 2007లో అమ్మివేసింది. 2023లో జీతాల బకాయిలపై న్యూజెర్సీ కార్మిక శాఖ 27 అంగళ్లలో పని నిలిపివేయించింది. పనివాడి కూలి గురించి మన ధర్మం ఏమంటుందో పిల్లలకు అక్కడ వేరుగా చెప్పనక్కరలేదు.

మొన్న రంజాన్ తరువాత ఒక పూర్వ విద్యార్థి వచ్చాడు. "హజ్రత్, ఆరోగ్యకరమైన ఆహారం అమ్మే ఫ్రాంచైజీ తీసుకుంటున్నాను. కొంత అమ్మీ గాజులమీద, మిగతాది కంపెనీవారే అప్పు ఇప్పిస్తారట" అన్నాడు.

వడ్డీ సంగతి అతనికి తెలియనిది కాదు. నా దగ్గరే చదివాడు. కనుక మరొకటి అడిగాను: "బేటా, వారికి లాభం భోజనంమీద వస్తున్నదా, నీవంటివారు కట్టే రుసుంమీదనా? ఏడాది దాటిన మూడు అంగళ్ల పద్దులు చూపించమను."

వారం తరువాత ఫోను చేశాడు. పద్దులు చూపించలేదట, బయానా గడువు మాత్రం శుక్రవారంతో ముగుస్తుందని చెప్పారట. గాజులు ఇంకా అమ్మీ చేతికే ఉన్నాయన్నాడు.